కవరు లోపలి చెమట

"బాబూ, అలగ బిగించకండి. లోపల సెమట పట్టేత్తాది."

చేతిలో టేపు చుట్టతో భరద్వాజ్ తలెత్తి చూశాడు.

నీలం కవరాల్ వేసుకున్న యాభై ఏళ్ల మనిషి. గోళ్ల సందుల్లో ఎర్రటి తుప్పు పొడి. షిప్‌యార్డు పనివాడని చూడగానే తెలుస్తోంది.

సింగపూర్‌లో, సెంబవాంగ్‌లోని ఆ ఫ్లాట్ల కింద, కార్‌పార్కు మూలన, 1958 నాటి మోటార్ సైకిల్ సగం దాకా మందపాటి ప్లాస్టిక్ షీటులో మునిగి ఉంది.

"ఐ నో వాట్ ఐ యామ్ డూయింగ్" అన్నాడు భరద్వాజ్.

తెలుగుకి ఇంగ్లీషులో ఎందుకు జవాబిచ్చాడో అతనికి తెలియక కాదు.

"ఇనుముకీ గాలాడాల బాబూ. నూలుగుడ్డ కప్పండి. ప్లగ్గు ఇప్పి రెండు సుక్కలు ఆయిలు పొయ్యండి. వారానికోపాలి కిక్కు తిప్పితే..."

"థాంక్స్."

ఆ మనిషి కదల్లేదు. సీటు మీద చెయ్యి వేశాడు. ఎవరినీ అడగక్కర్లేనట్టు వేశాడు.

"డోన్ట్ టచ్!"

చెయ్యి వెనక్కి వెళ్లింది. మనిషీ వెళ్లిపోయాడు.

అది రెండు వేల సంవత్సరం, నవంబరు. ఆఫీసులో తోటివాళ్లంతా షేర్ల గురించీ, మారబోయే ఉద్యోగాల గురించీ మాట్లాడుకునేవారు. భరద్వాజ్ ఈ బండి గురించి ఆలోచించేవాడు. పొద్దస్తమానం చేత్తో తాకలేని కోడ్‌తో పని. ఈ దేశంలో అతని చేతికి బదులు పలికేది ఈ ఇంజనొక్కటే.

పక్క బ్లాకులో ఉండే తారాదేవి ఆంటీ ఇచ్చిన బండి అది. భర్త సీతారామారావు పోయాక ఎందరు అడిగినా ఇవ్వనిది, ఆరు నెలల క్రితం అతన్ని పిలిచి ఊరికే ఇచ్చింది. ఎందుకని అతను అడగలేదు. తనలో ఏదో చూసి ఉంటుందనుకోవడం బాగుండేది.

ఫిబ్రవరిలో బండికి తనిఖీ ఉంది. నెగ్గకపోతే రోడ్డెక్కనివ్వరు. ఇక తుక్కు కిందే. ఈలోగా కంపెనీ అతన్ని మూడు నెలలకు సిడ్నీ పంపుతోంది. సరిగ్గా ఇక్కడ వానలు విరుచుకుపడే మూడు నెలలు.

"ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ముఖ్యంగా ఒక షిప్‌యార్డు మనిషి ఉన్నాడు" అని ఫ్లాట్‌లో తనతో ఉండే తిరుమలేష్‌కి అప్పగించాడు.

"పరేషాన్ కాకన్నా. మంత్రికి కూడ ఉండదు గింత సెక్యూరిటీ."

డిసెంబరు మధ్యలో సిడ్నీకి ఫోనొచ్చింది.

"అన్నా, నువ్వు చెప్పినాయన దొరికిండు. కవరంతా ఇప్పి, స్పానర్ పట్టుకొని కూసున్నడు."

"ఏమంటున్నాడు?"

"'సూసుకుంటన్నాను బాబూ' అంటుండు, గంతే. దబాయిస్తే నోరిప్పుతలేడు. దొంగ లెక్క లేడన్నా. ఇడిచిపెట్టాల్నా?"

భరద్వాజ్ కళ్లముందుకొచ్చింది స్పానర్ కాదు, సీటు మీద ఆ చెయ్యి.

"పోలీసులకి ఫోన్ చెయ్యి. కవరు మళ్లీ టేపేసి బిగించు."

ఏమీ పోలేదని తేలాక పోలీసులు హెచ్చరించి వదిలేశారు. అతన్ని పనిలో పెట్టుకున్న కాంట్రాక్టరు మాత్రం వదల్లేదు. పేరు పోలీసుల దాకా వెళ్లిన మనిషి తనకొద్దన్నాడు. వారం తిరక్కుండా వర్క్ పర్మిట్ రద్దు చేయించి ఊరికి పంపేశాడు.

"నూకరాజంట అన్నా, ఆయన పేరు" అని తర్వాతి ఫోనులో చెప్పాడు తిరుమలేష్.

ఫిబ్రవరి మొదట్లో తిరిగొచ్చిన భరద్వాజ్, పెట్టె లోపల పెట్టకుండానే కిందికి దిగి టేపు కోశాడు.

ప్లాస్టిక్ లోపలంతా నీటి బొట్లు. హ్యాండిల్ మీద, చక్రాల అంచుల మీద గోధుమరంగు మచ్చలు.

చచ్చిందనుకుంటూనే కిక్కు కొట్టాడు.

మూడో కిక్కుకి ఇంజను అందుకుంది. నీలంగా పొగ వదిలింది. ఎవరో లోపల ఆయిలు పోశారు.

"నేనైతే పొయ్యలే" అన్నాడు తిరుమలేష్, అతని వైపు చూడకుండా.

తనిఖీలో బండి నెగ్గింది. మచ్చలు పైపైవే, లోపల ఎవరో బాగా కాపాడారన్నారు.

ఆ సాయంత్రమే తారాదేవి ఆంటీ దగ్గరికి వెళ్లాడు. నాలుగు నెలలు ఇపో ఊళ్లో కూతురి దగ్గరుండి ముందురోజే వచ్చిందామె.

"రా బాబూ. మకాన్ అయిందా? ఉండు, ఇంత అన్నం పెడతాను."

"తినేశానాంటీ" అని అబద్ధమాడి కూర్చున్నాడు. తర్వాత అంతా చెప్పాడు. ఫోనులో తను అన్న మాటలతో సహా.

ఆమె చేతిలోని గరిటె బల్ల మీద పెట్టింది.

"రాజునా పంపించేశారు?"

"మీకు తెలుసా అతను?"

"మా ఆయనకి చేతులు వణకడం మొదలైన దగ్గర్నించీ, ఆరేళ్లు, ప్రతి ఆదివారం వచ్చి దాన్ని బతికించింది రాజే కదయ్యా."

"మరి ఒక్క ముక్క చెప్పలేదేం? నాతో గాని, పోలీసులతో గాని?"

"నేను చెబుతానంటే వద్దన్నాడు. ఇంకొకడి చెయ్యి పడ్డదని తెలిస్తే ఆ బాబుకి తనదనిపించదు అన్నాడు."

"మీరు నన్ను ఎంచుకుని ఇచ్చారనుకున్నాను."

"నేనెవర్ని బాబూ ఎంచడానికి? మా ఆయన పోతూ పోతూ దాన్ని రాజు చేతిలో పెట్టారు. డార్మిటరీలో మంచం తప్ప చోటు లేనివాడు, ఎక్కడ పెట్టుకుంటాడు? నువ్వు మూడు సాయంత్రాలు కింద నిలబడి దాన్నే చూడటం గమనించి, పైకొచ్చి నాతో అన్నాడు. 'నా బండి ఆ బాబుకి ఇచ్చీయండమ్మా' అని."