ఆఫీసరు వస్తున్నాడని

వరద బీమా సర్వేయరు కొత్త సున్నం గోడను తడిమి చూశాడు. "నీళ్లు ఎంతవరకు వచ్చాయి?"

"నడుం దాకా బాబూ!" అన్నాడు త్రినాథ్.

"మరి మరకేదీ? ఫొటోలైనా తీశారా?"

"తమరొస్తన్నారని బురదంతా కడిగేసి, గోడలకి సున్నం కొట్టినాం," అంది అతని భార్య చిన్నతల్లి గొప్పగా. "ఆఫీసరొస్తే ఇల్లు అలాగే ఉంచుతామేటి?"

"ఆనవాలు లేకపోతే పరిహారం రాదమ్మా."

గోడకు సున్నం, చేతికి సున్నా! త్రినాథ్ ఒక అడుగు ముందుకేశాడు. "ఇల్లు ఎత్తు పెంచుకోమని పంచాయతీవోళ్లు నోటీసిచ్చినారు బాబూ. ఆ డబ్బుతోనే పెంచుదామనుకున్నాం. నాగావళి వరద మళ్లీ వస్తాది గదా!"

సర్వేయరు తలదించుకుని సంచి సర్దుకున్నాడు.

"పోనీ, మళ్లీ మునిగినప్పుడు కడగం. అప్పుడు రండి బాబూ," అంది చిన్నతల్లి.

త్రినాథ్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నిజంగానే పిలుస్తోంది.