దింపుడు కల్లం మీద తేనెటీగలు

ఎవరో ఆడమనిషి పాడెకు అడ్డంగా నిలబడింది.

"డప్పులు ఆపుండ్రి. టపాకులు ముట్టియ్యకుండ్రి. జర పైకి సూడుండ్రి."

అందరూ తలెత్తారు. దింపుడు కల్లం దగ్గరి చింతకొమ్మకు తేనెటీగల ముద్ద వేలాడుతోంది.

భాగ్య అడుగు అక్కడే ఆగింది. పాడె మీద ఉన్నది ఆమె తాత లస్మయ్య. పాడె దించి, చెవిలో చివరిసారి పిలిచేది ఆ చెట్టు కిందే. డప్పులు జోరందుకునేదీ, టపాకులు కాల్చేదీ అక్కడే.

"నువ్వెవరు?" నిప్పుకుండ పట్టుకున్న భాగ్య నాయిన కాటమయ్య గద్దించాడు.

"పత్తి ఏరనీకె వచ్చిన. గవి పాత ఇల్లు ఇడిసి కొత్త జాగకు పోతున్నయ్. అలిసి ఆగినయ్. గెలుకకుంటే రేపో మాపో అవే పోతయ్."

"తేనె మీద కన్ను పడ్డదా?" చిన్నాయన యుగేందర్ ఎకసెక్కెమాడాడు.

"తుట్టె పెడితే గద తేనె? కండ్లు పెట్టి సూడు, వట్టి ఈగలే."

"మా బాపును దిక్కులేనోని లెక్క సప్పుడు లేకుంట తీస్కపోవాల్నా?" అన్నాడు కాటమయ్య.

"ఈగలు లేస్తే నడిరోడ్డు మీద ఇడిసి ఉరుకుతరు. గప్పుడైతడు దిక్కులేనోడు."

"మేం ఇడిసేటోళ్లమా?"

"అందరు గట్లనే అంటరు."

యుగేందర్ టపాకుల దండ విప్పి అగ్గిపెట్టె తీశాడు. ఆమె దారి మధ్యలో కూలబడింది.

"నన్ను తొక్కి పోండ్రి, సూస్త."

భాగ్య నలుగురిలో నోరు విప్పి ఎరగదు. అయినా ఒక్క ఉదుటున వెళ్లి చిన్నాయన చేతిలోని దండ లాక్కుంది. పక్క పొలం నీళ్లలోకి విసిరేసింది.

"పిచ్చి లేసిందా పోరీ?"

"లేసింది. తాతను ఇడిసి ఉరుకుడు నాతోని కాదు."

డప్పులు చంకల కిందికి పోయాయి. కాటమయ్య నిప్పుకుండను దూరంగా పెట్టి వచ్చి, తండ్రి చెవి దగ్గర వంగాడు.

"బాపూ!"

ఆ పిలుపు గుంపు చివర నిలబడ్డ వాళ్లకు కూడా వినిపించింది. ఈగలు కదల్లేదు.

పాడె లేచాక ఆమె కూడా వెంట నడవబోయింది.

"నువ్వు రాకు. మా బాపు సావును ఆగం చేసినవ్" అన్నాడు కాటమయ్య.

ఆమె చెట్టు కిందే ఆగిపోయింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి ఆమె లేదు. చిట్యాల నుంచి ఆలస్యంగా వచ్చిన మేనత్త మనోరమ ఏడుస్తూ ఎదురైంది. కళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"రామి గీ చెట్టు కింద ఎందుకున్నది? ఇప్పుడే ఆటో ఎక్కి పోయింది."

"గామె నీకు ఎరుకేనా అత్తా?" అంది భాగ్య.

"ఎరుక లేకేంది బిడ్డా? నిరుడు మా దిక్కు టపాకులకు ఈగలు లేస్తే మోసేటోళ్లంత పాడె రోడ్డు మీద ఇడిసి ఉరికిండ్రు. పెనిమిటి పీనుగ మీద కొంగు కప్పి, పొద్దుగూకే దాక ఒక్కతే కూసున్నది ఆ రామే."