మొదటి కత్తెర

తలకు చుట్టిన తుండుగుడ్డ విప్పగానే ఉరుకుందు జడ నడుము దాకా జారింది.

ఆదోని బడిలో హెడ్మాస్టరు గది ముందు వరండాలో నిలబడిన తండ్రులంతా ఘొల్లున నవ్వారు.

"ఏమప్పా, ఆడపిల్లోల్ల బడి ఆ పక్క వీధిలో ఉండాది," అన్నాడు బట్టలంగడి శెట్టి. ఆయన పక్కన నూనె పెట్టి క్రాపు దువ్విన కొడుకు.

హెడ్మాస్టరు నవ్వలేదు. పిల్లవాడు పరీక్ష రాసిన కాగితం చూశాడు. జడ చూశాడు.

"లెక్కలు బాగా చేశాడు. కానీ ఈ జడతో నా ఫస్టు ఫారంలో కూర్చోవడానికి లేదు. తీయించుకొని రా."

ఉరుకుందు తండ్రి సుంకన్న చేతులు కట్టుకున్నాడు.

"మొక్కుబడి సామీ. వీనికి ముందు పుట్టినోళ్ళు ఒక్కరూ దక్కలేదు. ఉరుకుంద ఈరన్నకు పుట్టెంటికలు మొక్కుకున్నాం."

"అయితే మొక్కు తీర్చుకొని వచ్చే ఏడు రా."

"మావాడు తయారుగా ఉండాడు సార్," అన్నాడు శెట్టి.

హెడ్మాస్టరు ఇద్దరు పిల్లల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఉన్నది ఒక్కటే సీటు. మధ్యాహ్నం బెల్లు కొట్టేలోగా వస్తే సీటు నీ కొడుక్కి. రాకపోతే ఆయన కొడుక్కి."

సుంకన్న కొడుకు చెయ్యి పట్టుకొని మెట్లు దిగాడు.

గుడికి పోలేక నిలిచిన మొక్కు కాదది. వాళ్ళ ఇళ్ళలో పుట్టువెంట్రుకలకు మొదటి కత్తెర మేనమామ పెట్టాలి. ఒళ్ళో కూర్చోబెట్టుకొని పెట్టాలి. అది తప్పితే బిడ్డకు కీడు.

మేనమామ బొజ్జన్న తుంగభద్ర డ్యాము పనికి పోయాడు.

ప్రతి శ్రావణానికీ అన్న వస్తాడని ఉరుకుందు తల్లి ఈరక్క ఇల్లు అలుకుతుంది. రాడు. పనిలోంచి పంపి ఉండరేమో, వచ్చే ఏడు వస్తాడులే అంటుంది. కొడుకును ముందు కూర్చోబెట్టుకొని మళ్ళీ జడకు ఆముదం రాస్తుంది.

బొజ్జన్న రాడని సుంకన్నకు తెలుసు.

డ్యాము నుంచి తిరిగొచ్చిన ఊరి మనిషి ఒకడు కళ్ళంలో చెవిన వేశాడు. బండలు పగలేసే మందు పేలి బొజ్జన్న మీద బండ పడిందని. అక్కడే పూడ్చేశామని.

ఆ పొద్దే ఈరక్కకు కాన్పయి బిడ్డ పోయింది. మంచం మీదున్న మనిషికి ఏం చెప్తాం, లేచినాక చెబుదాం అనుకున్నాడు. ఆమె లేచేసరికి ఊరూరా సర్కారు గంజి కేంద్రాలు పెట్టిన కరువు వచ్చింది. కరువు పోయేసరికి నోరు మూసుకోవడం అలవాటైంది.

ఊళ్ళో బడి అయిదో తరగతితో సరి. సీటు రాకుంటే ఉరుకుందుకు మిగిలేది కాలవ పని. అక్కడా బండలే, అక్కడా మందే.

పోయిన వారమే కాలవ మేస్త్రీ ఇంటికొచ్చి పిల్లవాడి భుజాలు తడిమి చూసి పోయాడు.

బడి గోడ నీడలో ముసలి మంగలి పొది విప్పుకొని కూర్చున్నాడు. జడ విప్పి, వేళ్ళతో చిక్కు తీసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇవి పుట్టెంటికలు గదప్పా!"

"ఊ."

"మేనమామ యాడ?"

సుంకన్న బడి వైపు చూశాడు. శెట్టి వరండా అంచుకు వచ్చి, కొడుకు భుజం మీద చెయ్యేసి, ఇటే చూస్తున్నాడు.

"నేనే మేనమామను."

"అట్ల చెప్పు మరి! కూకో. పిల్లోన్ని ఒళ్ళో పెట్టుకో." మంగలి కత్తెర చేతికిచ్చాడు. "ఇంగా చూస్తాండావేందప్పా? కోసేది జుట్టే, గొంతు కాదులే."

ఉరుకుందు ఒళ్ళో నుంచి తలెత్తాడు.

"మామ రాడా నాయనా?"

కత్తి నూరుతున్న మంగలి చెయ్యి ఆగింది.

"తల వంచు," అన్నాడు సుంకన్న.

మొదటి పాయ తెగి తుండుగుడ్డలో పడింది. ముసలాయన కత్తెర తీసుకొని మిగతా పని తను చేశాడు. నున్నగా గుండు గీశాక, అరచేత్తో ఆ తలను ఒకసారి నిమిరాడు.

"ఈరన్నకు అన్నీ తెలుసులే, పోండి," అన్నాడు.

బెల్లు కొట్టేలోగా ఉరుకుందు పేరు బడిలో ఎక్కింది. శెట్టి తన కొడుకు వీపున ఒకటి చరిచి మెట్లు దిగిపోయాడు.

రైల్లో కిటికీ పక్కన కూర్చొని ఉరుకుందు తల తడుముకుంటూనే ఉన్నాడు.

"అమ్మకేం చెప్తావు నాయనా?"

ఆదోని కొండలు కనుమరుగవుతుంటే సుంకన్న తుండుగుడ్డలోని జుట్టు మూట ముడి బిగించాడు.

"సీటొచ్చిందని నువ్వు చెప్పు. మిగిలింది నేను చెప్తా."

కోసిగి స్టేషన్లో దిగి ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఈరక్క సంగటి కెలుకుతోంది.

"అమ్మా, సీటొచ్చె!"

ఆమె తిరిగి చూసింది. కొడుకు తల మీద చూపు నిలిచిపోయింది. తెడ్డు కుండలోనే వదిలేసి లేచింది.

సుంకన్న గొంతు సవరించుకున్నాడు.

ఈరక్క ముఖం విప్పారింది. ఎన్నేళ్ళుగానో చూడని నవ్వు.

"ఎప్పుడొచ్చినాడయ్యా మాయన్న?"

ఆమె ఎవరినీ పలకనియ్యలేదు. వాళ్ళిద్దరినీ తోసుకొని వాకిట్లోకి పోయి, వీధి చివరిదాకా చూసింది.

"ఆదోనికే వచ్చినాడా? నేను చెప్పలా! టేసను కాడ బీడీ కాల్చుకుంటా నిలబడిండాడేమో. ఆయప్పకు ఇంకా బుద్ధి రాలా."

ఉరుకుందు తండ్రి ముఖంలోకి చూశాడు.

సుంకన్న నోరు తెరిచాడు.

ఈరక్క అప్పటికే లోపలికి పోయి అటక మీది కుండ దించింది. పండక్కని దాచిన వరి బియ్యం చాటలో పోసుకొని, రాళ్ళు ఏరడానికి కూర్చుంది.

"ఇంగా నిలబడినావేమయ్యా," అంది తలెత్తకుండా. "పోయి పిల్చుకరాపో."

సుంకన్న చెప్పులు తొడుక్కొని స్టేషను దారి పట్టాడు.