ష్రోడర్ వారి వంశవృక్షం

“మూడు రోజుల్నుంచీ చెప్తానే ఉండా. ఇంటిపేరు మగోడి వెంట నడస్తాది గానీ ఆడపిల్ల వెంట నడవదు. జర్మనీలో అయినా అంతే, నాయుడుపేటలో అయినా అంతే!” అన్నాడు ఆశీర్వాదం, మంచం మీద పరిచిన చార్టు మీంచి తల ఎత్తకుండా.

“జర్మనీలో ఇప్పుడు పెళ్లయినా పేరు మార్చుకోబళ్లేదంట నాన్నా. నువ్వు ఉత్తరాలు రాసిన చర్చివాళ్లనే అడుగు,” అంది డెబోరా.

“ఇప్పటి జర్మనీతో నాకేం పని? నాది అసలు జర్మనీ.”

కుట్టుమిషన్ దగ్గర కూర్చున్న తల్లి ఫేబీ, నవ్వు బయటికి రాకుండా దారం కొరికింది.

గొడవంతా ఒక కాగితం గురించి. పెళ్లికి ముందు చర్చిలో ఇవ్వాల్సిన ఫారం. అందులో ‘వివాహం తరువాత వధువు పేరు’ అని ఒక గడి ఉంది. అక్కడ తన పేరు ఉన్నదున్నట్టే రాయాలని కూతురు. పెళ్లికొడుకు ఇంటిపేరు రాస్తే తప్ప సంతకం పెట్టనని తండ్రి. సాయంత్రం ఐదు లోపల ఫారం పాస్టరుగారికి అందాలి. అందకపోతే ఆదివారం చర్చిలో పెళ్లి ప్రకటన చదవరు. చదవకపోతే అనుకున్న తేదీకి పెళ్లి జరగదు.

డెబోరా నెల్లూరులో కాలేజీ లెక్చరరు. పిల్లలు ఆమెని ‘ష్రోడర్ మేడమ్’ అంటారు. పేరు మార్చుకోకపోతే గూడూరు పెళ్లికొడుక్కి అభ్యంతరమేమీ లేదు. అభ్యంతరమంతా ఆశీర్వాదానిదే.

కృష్ణపట్నం పోర్టులో గుమాస్తాగా రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి ఒకటే పని. గోడ మీద పటంలో ఉన్న గడ్డం పెద్దాయన కార్ల్ ష్రోడర్ ఏ పల్లె వాడో కనుక్కోవడం. నూట నలభై ఏళ్ల కిందట జర్మనీ నుంచి మిషన్ బంగళాకి కప్పు వేయడానికి వచ్చి, ఈ ఊరి పిల్లని చేసుకుని ఇక్కడే ఉండిపోయినవాడాయన. ఆశీర్వాదం మూడేళ్లు జర్మనీకి ఉత్తరాలు రాశాడు. చివరికి ఒక చర్చివాళ్లు బాప్తిస్మం రిజిస్టరు నకలు పంపారు. అడక్కపోయినా పేరుకి అర్థం కూడా రాశారు. ష్రోడర్ అంటే బట్ట కత్తిరించేవాడు. దర్జీ.

ఆశీర్వాదం రెండు రోజులు సరిగా భోంచేయలేదు. రాజో సేనాపతో అవుతాడనుకున్నాడు పాపం. మూడో రోజుకి తేరుకుని, “అక్కడ దర్జీలంటే మాటలా? రాజుల కోట్లు కుట్టినోళ్లు!” అని వీధంతా చెప్పొచ్చాడు. ఆయనకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. చొక్కా గుండీ ఊడితే ఫేబీయే కుట్టాలి.

ఆ తర్వాత రాత్రిపూట అన్నం మానేసి రొట్టె, బంగాళాదుంపలు మొదలుపెట్టాడు. చేపల పులుసు చేసిన పూట మాత్రం ఆయనకి జర్మనీ గుర్తుకు రాదు.

ఇప్పుడు ఈ చార్టు. పైన కార్ల్. ఆయన కింద కొడుకు. ఆ కింద మనవడు. అందరికంటే కింద పెద్ద అక్షరాల్లో ష్రోడర్ ఆశీర్వాదం. గీతలన్నీ స్కేలు పెట్టి గీశాడు. చివరి గీత ఒక్కటే కాస్త వంకరపోయింది. ఫేబీ కంట అది పడింది.

“నాకు కొడుకుల్లేరు. ఈ పేరు నాతో ఆఖరు. దాన్ని గౌరవంగా ఆఖరు కానీండి,” అన్నాడు ఆశీర్వాదం.

“నేనుండా గదా నాన్నా!”

“ఇంటిపేరంటే ఎవరంటే వాళ్లు తగిలించుకునేది కాదమ్మా.”

కిటికీ పక్కన వక్క నములుతున్న అవ్వ పేరమ్మ కిసుక్కున నవ్వింది. ఎనభై దాటినా ఆమెకి చెవులు భేషుగ్గా పనిచేస్తాయి.

“ఏందవ్వా నవ్వుతుండావు?” అంది డెబోరా.

“ఏంలే. ఆ పటంలో పెద్దాయన నవ్వినట్టుంటేనూ.”

ఆశీర్వాదం అటు తిరగలేదు. పేరమ్మతో మాటకు మాట పెట్టుకోవడం ఆయనకి మొదట్నుంచీ అలవాటు లేదు.

గడియారం నాలుగున్నర చూపించింది. డెబోరా కళ్లు తుడుచుకుంది.

“అయితే పెళ్లి ఆగిపోనీ. నా పేరు పోగొట్టుకుని నేను యాడికీ పోను.”

“ఆగితే ఆగనీ! ఈరోజు నీకంటావు, రేపు పుట్టే పిల్లలకీ ఇదే పేరంటావు. బజార్లో జనం ఆ అల్లుణ్ణి ఏమంటారో నీకేం తెలుసు? పెళ్లాం పేరు మోసేవాడని పళ్లికిలిస్తారు. టీ అంగడి కాడ, చర్చి మెట్ల మీద, పోయిన చోటల్లా. మగోడికి అదెంత...”

ఆయన మాట పూర్తి చేయకుండా చార్టు చుట్టడం మొదలుపెట్టాడు.

ఈసారి ఫేబీకి నవ్వు రాలేదు. మిషన్ ఆపి లేచింది. ఫారం అందుకుని, కళ్లజోడు సర్దుకుని, గడిలో నిదానంగా రాసింది. కింద ‘తండ్రి లేక తల్లి సంతకం’ అని అచ్చేసి ఉంది. మూడు రోజులుగా ఆ మాట ఎవరూ చదవలేదు. అక్కడ తన సంతకం పెట్టింది. కాగితం మడిచి కూతురి చేతిలో పెట్టి, ఎవరి వైపూ చూడకుండా, అందరికీ వినపడేట్టు మెల్లగా చెప్పింది.

“డెబోరా పేరు డెబోరాకే ఉంటది, రాసేసినాను. ఆడదాని వెంట నడిచింది గాబట్టే గదా, మా నాయనకి కొడుకుల్లేరని ఇల్లరికమొచ్చిన మీ నాయనకి ఈ పేరు దొరికింది!”