అరబ్బీ మాటలు, రెండో భాగం

"ఆ ఇంటికి ఎముక ముక్క గూడా పోగూడదు!" హిదాయతుల్లా మూడోసారి అరిచాడు.

భార్య సుగ్రా బేగం బక్రీదు మాంసం వాటాలు వేస్తూనే ఉంది. ఆరేళ్లు అరబ్బుల ఇంట్లో వంట చేసిన చెయ్యి. ఏ వాటా ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"పండగపూట పగేంది జీ? పొరుగోళ్ల వాటా పొరుగోళ్లకు పోవాల్సిందే."

"పొరుగోడా వాడు? పాము!"

ఆ పాము పేరు అల్లాబకాష్. ఎనిమిదేళ్ల కిందట షార్జాలో ఇద్దరూ కలిసే పుస్తకాల కొట్టు పెట్టారు. ఏదో పాత అమెరికా పుస్తకం మీద పబ్లిషర్లిద్దరి పేర్లూ జంటగా ఉండటం చూసి ముచ్చటపడి, 'హిదాయత్ అండ్ అల్లాబకాష్' అని బోర్డు రాయించుకున్నారు.

పత్రికలు, నవలలు అంతంతమాత్రం. కడప నుంచీ కరీంనగర్ నుంచీ కొత్తగా దిగే కూలీల కోసం వేసిన 'అరబ్బీ మాటలు' మాత్రం కట్టలు కట్టలుగా అమ్ముడుపోయింది. పనిలో పెట్టుకున్న కఫీల్‌కు సలాం ఎట్లా చెప్పాలి, జబ్బు చేస్తే ఏమనాలి, అంతా తెలుగు అక్షరాల్లోనే. అట్ట మీద హిదాయతుల్లా పేరు. ఊరంతా ఆయన్ను మాస్టర్‌జీ అనసాగింది.

ఆ పేరు వేయడం న్యాయం కాదన్నాడు అల్లాబకాష్. అసూయ అన్నాడు హిదాయతుల్లా. మాటా మాటా పెరిగింది. అల్లాబకాష్ వేరుపడి, వీధికి అవతల కొట్టు తెరిచాడు.

అప్పట్నుంచీ హిదాయతుల్లాకు ఒక్కటే ధ్యాస.

"రెండో భాగం రానీ. వాని దగ్గర సరుకు కొనే ఏ కొట్టుకూ ఒక్క కాపీ ఇయ్యను. ఆరు నెలల్లో వాడు తాళమేసి కడప బస్సెక్కాల!"

"షార్జా నుంచి కడపకు బస్సు యాడిదిరా?" మూల కూర్చుని వక్క నములుతున్న తల్లి ఖతీజాబీ అడిగింది. సుగ్రా కోడలు కిసుక్కుమంది.

కొడుకు ఖాదర్ నవ్వలేదు. "అబ్బాజాన్, మన అల్మారాలే ఖాళీగా ఉండాయి. రెండో భాగం రాకుంటే ముందు మనమే ఖలాస్."

"రాకేం! రాయడం అయిపోయింది. ఐదు నోటుబుక్కులు. మొన్న నా కండ్లతో చూసినా. ఎల్లుండి మద్రాసు పోయి అచ్చుకిచ్చి వస్తా." భార్య వైపు తిరిగాడు. "అవి నా పెట్టెలో సర్దు. ఆ మాంసం మాత్రం వానికి పోయిందో, చూడు!"

సుగ్రా బేగం చేతులు కడుక్కుంది. తడి తుడుచుకుని, కొంగు తల మీదికి లాక్కుని, అత్తనూ కొడుకునూ కోడలినీ చూసి, చివరికి భర్తను చూసింది.

"నోటుబుక్కులు అల్లాబకాష్ భాయ్‌కి ఇచ్చేసినా," అంది మెల్లగా, "ఈసారి అట్ట మీద మీ పేరు గాదు, రాసిన నా పేరే ఉంటాది."