ప్రసూన పట్టీ

ఆ హాస్టల్లో ప్రతి అమ్మాయి మణికట్టుకీ ఒక పట్టీ ఉంటుంది. మనసు బాగుంటే పచ్చగా వెలుగుతుంది, కుంగితే ఎర్రబడుతుంది. ఎర్రబడిన క్షణంలో ఇంటికి కబురు వెళ్తుంది.

పరీక్షల ముందు ప్రసూన తన పట్టీ విప్పి రూమ్మేట్ జెసింత చేతికి చుట్టింది.

"ఎర్రబడితే మా అమ్మ మిషన్ కుట్టే పని వదిలేసి పరిగెత్తుకొచ్చేసుద్దే. పది రోజులు ప్రాక్సీ వెయ్యవే."

క్లాసులో ఒకరి బదులు ఒకరు హాజరు పలికినంత తేలిగ్గా ఒప్పుకుంది జెసింత. ఒకే చేతికి రెండు పచ్చ దీపాలు చూసి ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

తొమ్మిదో రోజు ప్రసూన ప్రాణం తీసుకుంది.

మర్నాడు తల్లి వరలక్ష్మి వచ్చి, కూతురి మంచం మీద కూలబడింది.

"నిన్న కూడా పచ్చగానే ఉందండీ. రోజూ ఫోన్లో చూసుకుంటానే ఉన్నానండీ," అని వార్డెన్‌తో పదేపదే అంటోంది.

నిన్నటి నుంచీ మొద్దుబారిపోయి ఉన్న జెసింతకు, గుమ్మంలో నిలబడి ఆ మాట వినగానే ఏడుపు పొంగుకొచ్చింది. చున్నీ కింద దాచుకున్న రెండు పట్టీలూ ఎర్రబడ్డాయి.

వరలక్ష్మి ఒళ్లో ఫోను మోగింది. 'మీ అమ్మాయి ప్రసూన బాధలో ఉంది. వెంటనే వెళ్లి మాట్లాడండి.'

"ఎక్కడుందమ్మా?" అంటూ ఆ తల్లి ఆత్రంగా లేచింది.

జెసింత చున్నీ తీసి చెయ్యి చాపింది.