చెప్పుల చప్పుడు

"కాళ్ళెత్తి నడవవయ్యా, నేల అరిగిపోతోంది!" ఈక్వడార్ తీరాన ఉన్న మా ఊళ్ళో యులాలియా తన మొగుడు క్రిసాంతోని ఏళ్ళ తరబడి ఇలాగే సాధించేది.

అతను చెప్పులీడ్చుకుంటూ వంటింట్లోకొచ్చి, ఎందుకొచ్చాడో మరిచిపోయి నిలబడేవాడు.

"ఒట్టి బద్ధకం! ఊయల దిగడానికే ఏడుపు."

"నీ తిట్లు తినడానికే దిగుతున్నానే," అని నవ్వేవాడు.

ఊళ్ళో ముసలివాళ్ళని పట్నం తీసుకెళ్ళి తలకి స్కానింగ్ తీయించిన డాక్టరమ్మ చెప్పింది. "బద్ధకం కాదమ్మా. బీపీ వల్ల మీ ఆయన మెదడులో సన్నటి రక్తనాళాలు మూసుకుపోయాయి. అందుకే కాళ్ళీడుస్తున్నాడు, మరిచిపోతున్నాడు. మాత్రలు దొరకని ఇలాంటి ఊళ్ళలో పెద్దవాళ్ళు చాలామందికి ఇదే. మీరూ తీయించుకోండి."

"నాకేం మాయరోగం? గుండ్రాయిలా ఉన్నాను," అంది యులాలియా.

ఆర్నెల్లకి క్రిసాంతో పోయాడు. తొమ్మిదో రోజు ప్రార్థనకి వచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. యులాలియా ఖాళీ కప్పులు తీసుకుని వంటింటి వైపు నడిచింది.

వెనకాల చెప్పులీడ్చిన చప్పుడు.

"వచ్చావా? ఇంక తిట్టనయ్యా," అంటూ ఆగింది. చప్పుడూ ఆగింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

మళ్ళీ నడిచింది. మళ్ళీ చప్పుడు.

అప్పుడు తన కాళ్ళ వంక చూసుకుంది.

కాళ్ళెత్తి నడవమని కసరడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.